మీ ఊరి క్వారీకి అనుమతులు ఉన్నాయా? కాగితాలతో తేల్చుకోవడం ఎలా

బంగారుపాళెం, పలమనేరు, కుప్పం ప్రాంతాల నుంచి వచ్చే వారు నన్ను ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "మా గుట్టను తవ్వుతున్నారు, పగలూ రాత్రీ టిప్పర్లు తిరుగుతున్నాయి, దానికి లీజు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" దాదాపు అందరూ ఈ ప్రశ్న అడిగేసరికే కలెక్టరేటులో ఒక అర్జీ ఇచ్చి ఉంటారు. "అక్రమంగా తవ్వుతున్నారు, చర్యలు తీసుకోగలరు" అని రెండు వాక్యాల్లో రాసిన ఆ అర్జీ గనుల శాఖకు వెళ్తుంది, "లీజు ఉన్నది" అన్న ఒక్క వాక్యంతో మూతపడుతుంది. అందుకే ముందు కాగితాలు తెప్పించుకొని, వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, ఆ తర్వాతే ఫిర్యాదు రాయండి. ఆ క్రమమే ఇక్కడ చెబుతున్నాను.

సిద్ధాంతం జోలికి ఎక్కువ పోను గాని ఒక్క విషయం తెలిసి ఉండాలి. 1957 నాటి గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టంలోని 15వ సెక్షను చిన్నతరహా ఖనిజాలపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. గ్రానైటు, కంకర రాయి, గ్రావెల్, ఇసుక, సిలికా ఇసుక ఆ కోవలోకి వస్తాయి. బంగారం వంటి ప్రధాన ఖనిజాల మీద కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ పర్యవేక్షణ కూడా ఉంటుంది. లీజు సరిహద్దు చుట్టూ 500 మీటర్ల మేర ఉపగ్రహ చిత్రాలతో గమనించే వ్యవస్థను 2016లో ప్రారంభించినది కూడా ప్రధాన ఖనిజాల కోసమే. మీ ఊరి కంకర క్వారీ మీద ఆ కన్ను ఉంటుందని అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మైకా, బెరైటీస్ మళ్లీ ప్రధాన ఖనిజాల జాబితాలోకి మారాయి కాబట్టి గూడూరు, సైదాపురం వైపు వారు తమ దగ్గర తవ్వుతున్నది ఏ ఖనిజమో ముందుగా నిర్ధారించుకోవాలి. అదే వైపు చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక మాత్రం చిన్నతరహా ఖనిజంగానే ఉంది.

తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ తన ఆదాయ అవసరాల లెక్కను విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టి, జనం అభ్యంతరాలు చెప్పుకున్న తర్వాతే చార్జీలు ఖరారు చేయించుకోవాలి. క్వారీలకు అలాంటి వార్షిక విచారణ ఏదీ లేదు. ప్రభుత్వానికి ఎంత కట్టామో కంపెనీలూ, ఎంత వచ్చిందో ప్రభుత్వమూ విడివిడిగా ప్రకటించి, ఆ రెండు లెక్కలనూ సరిపోల్చి చూసే అంతర్జాతీయ విధానం ఒకటి ఉంది, దానిని ఈఐటీఐ అంటారు. భారతదేశం అందులో చేరలేదు. మీరు చేయబోయేది ఒక్క క్వారీ మేరకు ఆ సరిపోల్చే పనే.

ఏమేమి కావాలి

సర్వే నంబరు, గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలం హద్దులు, కొలతలు చూపే పటం) నకలు కావాలి. ఇవి మీభూమి పోర్టల్‌లో గాని గ్రామ సచివాలయంలో గాని దొరుకుతాయి. అక్షాంశ రేఖాంశాలు చూపించే ఫోను, తేదీలు వేసుకొనే ఒక నోటు పుస్తకం, దరఖాస్తుకు 10 రూపాయల రుసుము, రిజిస్టర్ పోస్టు ఖర్చులు ఉంటే చాలు. న్యాయవాది ఈ దశలో అవసరం లేదు. మూడు నాలుగు నెలల ఓపిక మాత్రం తప్పనిసరిగా కావాలి.

1. తవ్వుతున్న చోటు ఏ సర్వే నంబరులో ఉందో తేల్చుకోండి

నాకు తెలిసిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం దెబ్బతిన్నది ఇక్కడే. నా మొదటి దరఖాస్తు కూడా అంతే. మా వైపు రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. నేను కొత్త అడంగల్ చూసి ఎల్‌పీఎం నంబరు మాత్రమే రాశాను. లీజు ఉత్తర్వు పాత సర్వే నంబరు మీద ఉంది. "సదరు నంబరులో లీజు మంజూరు కాలేదు" అని జవాబు వచ్చింది. అక్షరాలా చూస్తే అందులో అబద్ధమేమీ లేదు, కానీ నాకు రెండు నెలలు పోయాయి. కాబట్టి పాత నంబరు, సబ్ డివిజను, కొత్త ఎల్‌పీఎం నంబరు మూడూ రాయండి.

క్వారీ లోపలికి వెళ్లకండి. ప్రజా రహదారి మీద గాని, మీ సొంత పొలంలో గాని, అనుమతి తీసుకున్న పొరుగు పొలంలో గాని నిలబడి కనీసం మూడు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఫోటోలో తేదీ, స్థానం నమోదయ్యేలా ఫోను సెట్టింగు మార్చుకోండి. తర్వాత ఆ స్థానాలను ఎఫ్‌ఎంబీతో పోల్చి చూడండి. గుట్ట పోరంబోకు పక్కనే పట్టా భూమి ఉండడం మన జిల్లాలో చాలా సాధారణం కనుక, లీజు పట్టాలో ఉండి తవ్వకం పోరంబోకులోకి జరిగిందా అన్నది తర్వాత కీలకమైన ప్రశ్న అవుతుంది. పటం చదవడం రాకపోతే గ్రామ సర్వేయరును అడగండి. ఆయన చెప్పడానికి వెనుకాడితే, ఊరిలో భూమి కొలతలు తెలిసిన పెద్దలు ఎవరో ఒకరు ఉంటారు.

హెచ్చరిక: బ్లాస్టింగు జరిగే క్వారీల్లో మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో రాళ్లు చాలా దూరం ఎగిరిపడతాయి. ఎర్రజెండా కట్టినా, సైరన్ వినిపించినా వెంటనే వెనక్కి వచ్చేయండి. ఒంటరిగా వెళ్లవద్దు. టిప్పర్లను ఆపి పర్మిట్ చూపించమని అడగవద్దు. ఆ అధికారం మీకు లేదు, పైగా తిరిగి మీ మీదే కేసు పెట్టడానికి అది సాకుగా మారుతుంది.

2. ఇంట్లో కూర్చొని దొరికేవి ముందు చూడండి

పర్యావరణ అనుమతి లేకుండా క్వారీ నడపరాదు. అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకు కూడా ఇది వర్తిస్తుందని 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేశ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మైనింగ్ అన్న వర్గం ఎంచుకొని వెతికితే మంజూరైన అనుమతి పత్రాలు దొరుకుతాయి. ఆ పత్రంలో సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఏడాదికి అనుమతించిన పరిమాణం, షరతులు ఉంటాయి.

ఇక్కడ జరిగే పొరపాటు జిల్లా పేరుతో వస్తుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అంతకు ముందు ఇచ్చిన అనుమతులు శ్రీకాళహస్తి, చంద్రగిరి వైపు క్వారీలకైనా చిత్తూరు జిల్లా పేరు మీదే ఉంటాయి. కాబట్టి రెండు జిల్లాల పేర్లతోనూ వెతకండి. దొరకలేదంటే అనుమతి లేదని వెంటనే తీర్మానించవద్దు. పాత అనుమతులు పోర్టల్‌లోకి ఎక్కకపోయి ఉండవచ్చు, లీజుదారు పేరులో అక్షరం తేడా ఉండవచ్చు, లీజు చేతులు మారి ఉండవచ్చు.

3. చుట్టుపక్కల లీజులను కూడా లెక్కలోకి తీసుకోండి

ఒకే గుట్టను నాలుగు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క అయిదు హెక్టార్లకు కొంచెం తక్కువ ఉండేలా లీజులు తీసుకోవడం కొత్త కాదు. అయితే ఒక లీజు సరిహద్దుకు 500 మీటర్ల లోపు మరో లీజు ఉంటే అన్నింటినీ కలిపి ఒక గుంపుగా చూడాలన్న నియమం 2016 నుంచి ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ అవసరమా కాదా అన్నది ఆ మొత్తం విస్తీర్ణం మీద ఆధారపడి ఉంటుంది. పక్క క్వారీల వివరాలు కూడా రాసి పెట్టుకోండి.

4. సమాచార హక్కు దరఖాస్తు రాయండి

అసలు పని ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం జిల్లా గనుల, భూగర్భ శాఖ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. మన రాష్ట్రంలో రుసుము గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు ఆ రుజువు జతచేస్తే రుసుము కట్టనవసరం లేదు.

"ఎందుకు ఊరుకున్నారు?", "ఇది న్యాయమా?" వంటి ప్రశ్నలు రాయకండి. చట్టం దృష్టిలో సమాచారం అంటే కార్యాలయంలో ఉన్న రికార్డు, కాబట్టి కారణాలు అడిగితే "ఇది సమాచారం కిందికి రాదు" అని తిరస్కరిస్తారు. నకళ్లు అడగండి, కాలం స్పష్టంగా చెప్పండి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు (సీనరేజీ అంటే తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము):

"ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, రీసర్వే ఎల్‌పీఎం నంబరు ఫలానాలో మంజూరైన క్వారీ లీజుకు సంబంధించి: (అ) లీజు మంజూరు ఉత్తర్వు, లీజు ఒప్పందం, సరిహద్దు స్కెచ్ నకళ్లు; (ఆ) ఆమోదించిన మైనింగ్ ప్లాన్ నకలు; (ఇ) 2022 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు నెలల వారీగా జారీ చేసిన పర్మిట్ల మేరకు రవాణా అయిన పరిమాణం, వసూలైన సీనరేజీ; (ఈ) ఆ కాలంలో చేసిన తనిఖీల నివేదికలు, కొలతలు, డిమాండ్ నోటీసులు, వాటి కింద వసూలైన మొత్తం నకళ్లు ఇప్పించగలరు. ఈ రికార్డులను స్వయంగా పరిశీలించడానికి కూడా అవకాశం ఇవ్వగలరు."

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. చట్టంలోని 2(జె) కింద ఫైలును స్వయంగా చూసే హక్కు మీకు ఉంది. "వివరాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి" అన్న జవాబు రాకుండా ఈ వాక్యం అడ్డుకుంటుంది. పైగా ఫైలు తిరగేస్తే మనం అడగాలని తోచని కాగితం కనిపిస్తుంది.

తహశీల్దారు కార్యాలయానికి వేరే దరఖాస్తు పెట్టి, భూమి వర్గీకరణ, నిరభ్యంతర పత్రం నకలు అడగండి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి మరొకటి పెట్టి, నడపడానికి ఇచ్చిన సమ్మతి పత్రం, లీజుదారు ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి సమర్పించవలసిన షరతుల అమలు నివేదికలు అడగండి. మూడూ కలిపి ఒకే దరఖాస్తులో రాస్తే ఏదో ఒక కార్యాలయం మొత్తాన్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. సంబంధం లేని కార్యాలయానికి వెళ్లిన దరఖాస్తును అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలని 6(3) చెబుతుంది గాని, దాని మీద ఆధారపడడం కన్నా విడివిడిగా ఇవ్వడం మేలు.

జవాబుకు గడువు 30 రోజులు. లీజుదారు మూడో పక్షం అని భావిస్తే అధికారి 11వ సెక్షను కింద అయిదు రోజుల్లో వారికి నోటీసు ఇస్తారు, వారు పది రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు, అప్పుడు మొత్తం గడువు 40 రోజులు అవుతుంది. అంటే మీరు దరఖాస్తు పెట్టిన సంగతి క్వారీ యజమానికి తెలిసే అవకాశం ఉందని ముందే అనుకోండి. భయం ఉన్న చోట పోస్ట్ బాక్స్ నంబరు చిరునామాగా ఇచ్చుకోవచ్చు. అది చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఊరికి దూరంగా, చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న బంధువు చేత పెట్టించడం మరో మార్గం. దరఖాస్తు పెట్టడానికి మీరు ఆ ఊరివారే అయి ఉండనవసరం లేదు, భారత పౌరులైతే చాలు.

వ్యాపార రహస్యం అంటూ 8(1)(డి) చూపించి తిరస్కరిస్తే, తిరస్కరణ అందిన నాటి నుంచి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. ప్రభుత్వం ఇచ్చిన లీజు ఉత్తర్వు, ఖజానాకు కట్టిన సీనరేజీ ఎవరి వ్యాపార రహస్యమూ కాదని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదే సెక్షను వెల్లడిని అనుమతిస్తుందని రాయండి. అక్కడా ఫలితం లేకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషనుకు రెండో అప్పీలు. మొదటి అప్పీలు వేయకుండా నేరుగా కమిషనుకు రాసిన వారు చాలామంది ఉన్నారు, అవన్నీ వెనక్కి వచ్చాయి.

5. వచ్చిన కాగితాలను పక్కపక్కన పెట్టండి

ఒక పెద్ద కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: లీజు ఉత్తర్వు, మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి, సమ్మతి పత్రం. ప్రతి దానిలో సర్వే నంబరు, విస్తీర్ణం, ఏడాదికి పరిమాణం, ముగిసే తేదీ రాయండి. ఒక్కో కార్యాలయం తన కాగితం మాత్రమే చూస్తుంది, నాలుగూ కలిపి చూసేవారు ఉండరు. లీజు 2030 దాకా ఉండి సమ్మతి పత్రం గత ఏడాదే ముగిసిపోయిన సందర్భాలు ఇలాగే బయటపడతాయి.

కొలమానాల దగ్గర జాగ్రత్త. లీజు హెక్టార్లలో, అడంగల్ ఎకరాలు సెంట్లలో ఉంటుంది. ఒక హెక్టారు 2.471 ఎకరాలు, కాబట్టి 4.9 హెక్టార్లంటే సుమారు 12 ఎకరాల 11 సెంట్లు. పరిమాణం ఒక చోట ఘనపు మీటర్లలో, మరో చోట టన్నుల్లో ఉంటే తేడా కనిపించి కంగారు పడతారు. గట్టి గ్రానైటు ఘనపు మీటరు సుమారు 2.65 టన్నులు తూగుతుంది. పగలగొట్టిన కంకర అదే బరువుకు ఎక్కువ చోటు తీసుకుంటుంది.

6. నేల మీద గుంతతో సరిచూడండి

ఈ లెక్క చేయడానికి ఇంజనీరు కానవసరం లేదు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు చూసే సౌకర్యం ఉంది. లీజు మొదలైన ఏడాది చిత్రం, ఇప్పటి చిత్రం తీసుకొని గుంత పొడవు, వెడల్పు కొలవండి. లోతు మాత్రం చిత్రంలో తెలియదు కనుక గట్ల మెట్లను దూరం నుంచి లెక్కబెట్టి అంచనా వేయాలి.

ఊహకు ఒక గుంత 80 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, సగటున 6 మీటర్ల లోతు ఉందనుకోండి. 24,000 ఘనపు మీటర్లు, అంటే సుమారు 63,600 టన్నులు. ఒక్కో లారీ 20 టన్నులు తీసుకెళ్తే 3,180 ట్రిప్పులు, అదంతా ఒక్క ఏడాదిలో తవ్వినదైతే, 300 పని దినాల చొప్పున రోజుకు పది పదకొండు లారీలు. మీరు రోడ్డు మీద లెక్కపెట్టిన లారీలు, పర్మిట్లలో చూపిన పరిమాణం, ఈ గుంత లెక్క మూడూ దగ్గరగా ఉన్నాయా అన్నదే చూడాలి.

పదీ పదిహేను శాతం తేడా వస్తే దానిని పట్టుకొని ఫిర్యాదు చేయకండి, మీ లోతు అంచనాలోనే అంత పొరపాటు ఉంటుంది. రెండు మూడు రెట్లు తేడా వస్తే అప్పుడు అడగవలసిన విషయం ఉన్నట్టు. కుప్పం గ్రీన్ వంటి అలంకరణ గ్రానైటు క్వారీల్లో ఇంకో చిక్కు ఉంది. తవ్విన దానిలో అమ్మకానికి పనికొచ్చే దిమ్మలు కొద్ది భాగమే, మిగతాది వ్యర్థం కింద గుట్టగా పోస్తారు. వ్యర్థం గుట్టను లెక్కలోంచి తీసివేయకుండా "ఇంత తవ్వి ఇంతే చూపించారు" అనడం తప్పు. అయితే ఆ వ్యర్థం క్రషర్‌కు వెళ్తుంటే దానికీ సీనరేజీ ఉంటుంది, కాబట్టి ఆ ప్రశ్న వేరుగా అడగండి.

సరిహద్దు దగ్గర కూడా ఒక చూపు వేయండి. లీజు అంచు నుంచి 7.5 మీటర్ల వెడల్పు తవ్వకుండా వదలాలి. సరిహద్దు రాళ్లు కనిపించకపోతే, లేదా గుంత అంచు మీ పొలం గట్టును తాకుతుంటే, ఉమ్మడి సర్వే కోరుతూ రాయండి. అలాంటి సర్వే రోజున మీరూ హాజరై పంచనామా మీద సంతకం చేయడానికి ముందు చదవండి, నకలు అడగండి.

స్వర్ణముఖి వంటి నదుల్లో ఇసుకకు ఈ గుంత పద్ధతి పనికిరాదు, ఒక్క వరదతో గుంత పూడిపోతుంది. అక్కడ తేదీలతో ఉన్న ఫోటోలు, వంతెన నుంచి దూరం, యంత్రాలు వాడుతున్నారా అన్నవే ఆధారాలు. 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం అమల్లో ఉన్నా, ఎక్కడ పడితే అక్కడ తవ్వుకోవచ్చని దాని అర్థం కాదు.

7. డబ్బు ఎటు పోయిందో అడగండి

గనుల ప్రభావిత ప్రాంతాల కోసం 1957 నాటి గనుల చట్టంలోని 9బి సెక్షను కింద జిల్లా ఖనిజ నిధి 2015 నుంచి ఉంది. దాని వార్షిక నివేదిక, మంజూరైన పనుల జాబితా, ఖర్చు కలెక్టరు కార్యాలయం నుంచి అడగవచ్చు. మీ గ్రామం పేరు ప్రభావిత జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. సీనరేజీలో స్థానిక సంస్థలకు రావలసిన వాటా మీ పంచాయతీ ఖాతాకు జమ అయిందో లేదో కార్యదర్శిని అడిగితే తెలుస్తుంది.

8. ఇప్పుడు ఫిర్యాదు రాయండి

తేడా దొరికితేనే రాయండి. ఒక పేజీ మించకుండా, ఒక్కో తేడాకు ఒక్కో వాక్యం, ఆ వాక్యానికి ఆధారమైన కాగితం పేజీ సంఖ్య పక్కనే రాయండి. "అక్రమం", "దోపిడీ" అన్న మాటలు వద్దు. "సమ్మతి పత్రం ఫలానా తేదీన ముగిసింది, ఆ తర్వాత నెలల్లో కూడా పర్మిట్లు జారీ అయ్యాయి" అన్న వాక్యాన్ని పక్కన పెట్టడం ఏ అధికారికీ సులువు కాదు. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి, అదే ప్రతిని గనుల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి రిజిస్టర్ పోస్టులో పంపండి.

గనుల చట్టం కింద కోర్టులో కేసు వేయగలిగేది అధికారం పొందిన అధికారి మాత్రమే, మామూలు పౌరులు కాదు. కాని ప్రభుత్వ భూమిలోంచి, నదిలోంచి ఖనిజాన్ని ఎత్తుకుపోవడం దొంగతనం కూడా అవుతుందని, దాని మీద పోలీసులు విడిగా కేసు పెట్టవచ్చని 2014లో సంజయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పర్యావరణ నష్టం ఉంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ విభాగం ఉంది, చిత్తూరు నుంచి మనకు అది అమరావతి కన్నా దగ్గర. అక్కడ కాలపరిమితులు కఠినం: పర్యావరణ అనుమతిని ప్రశ్నించాలంటే 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు, ఇతర వివాదాలకు కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు. ఈ దశలో మాత్రం న్యాయవాదిని సంప్రదించండి.

ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

"చర్య తీసుకున్నాం" అన్న జవాబును ఫలితంగా లెక్కపెట్టవద్దు. మూడు నెలల తర్వాత మళ్లీ ఒక చిన్న దరఖాస్తు పెట్టి, జారీ చేసిన డిమాండ్ నోటీసు నకలు, అందులో వసూలైన మొత్తం, చలానా తేదీ అడగండి. నోటీసు ఇవ్వడం ఒకటి, డబ్బు ఖజానాకు చేరడం మరొకటి. నోటీసు మీద అప్పీలు పెండింగులో ఉంటే ఆ అప్పీలు నంబరు కూడా రాయించుకోండి. అదే వారంలో మొదటి రోజు ఫోటోలు తీసిన చోటనే నిలబడి, అదే దిక్కు నుంచి మళ్లీ మూడు ఫోటోలు తీసి, పాత వాటి పక్కన అంటించి తేదీ వేయండి.